మేలు మరవని మనసు



మన అమరాపురం పల్లెల్లో "కృతజ్ఞతలు" అనే మాట మామూలుగా ఎవరి నోటా వినపడదు. అది సభల్లో వినపడే మాట, గుడిలో జపాల పుస్తకంలో చదివే మాట. అంతమాత్రాన మనవాళ్ళకు చేసిన మేలు గుర్తుండదని కాదు. కంటి ఆపరేషన్ అయ్యి కట్టు విప్పిన రోజు అవ్వ నర్సమ్మ రెండు చేతులూ పట్టుకుని "నీ కడుపు చల్లగుండ తల్లీ" అంటుంది. కష్టమైన కాన్పు నుంచి గట్టెక్కిన కోడలిని ఇంటికి పిలుచుకుపోతూ అత్త "మీ రుణం ఎట్ల తీర్చుకుంటాము సామీ" అంటుంది. శిర వైపు నుంచి వచ్చే కన్నడ కుటుంబాలు "దేవరు ఒళ్ళేదు మాడ్లి" అని దీవించి పోతారు. మాట ఏదైనా అందులో ఉన్న భావం ఒక్కటే: నేను ఒక్కడినే గట్టెక్కలేదు, నాకు ఎవరో చేయి అందించారు.

ఆ చేయి అందించిన వారందరి వెనుక దేవుడు ఉన్నాడని మన విశ్వాసం. ఆయనకు కృతజ్ఞత చెప్పడమంటే ఏమిటి? కథోలిక కుటుంబంలో దానిని దినదినము ఎలా పాటించాలి? ఏది కృతజ్ఞత కాదు? ఈ సంగతులను ఈసారి మీతో పంచుకోవాలని అనుకున్నాము. మా అభిప్రాయం ముందుగానే చెబుతాము. జబ్బు నయమైన నాడు ఒక పూజ చెప్పించి, ఒక కానుక వేస్తే కృతజ్ఞత తీరిపోదు. అది రోజూ ఒకసారి వెనుదిరిగి చూసే అలవాటు. ఆ అలవాటు దేవుని సన్నిధిలో మొదలై మన చుట్టూ ఉన్న మనుషుల దాకా రావాలి, మన చేతల్లో కనబడాలి.

పదిమందిలో ఒక్కడు

లూకా సువార్త 17వ అధ్యాయంలో మనందరికీ తెలిసిన సంఘటన ఒకటి ఉంది. యేసు ప్రభువు యెరూషలేముకు పోతూ సమరియ, గలిలీయ ప్రాంతాల నడుమగా వెళుతున్నారు. ఒక ఊరి దగ్గర పదిమంది కుష్ఠరోగులు దూరంగా నిలబడి తమపై దయ చూపమని కేకలు వేశారు. వెళ్ళి యాజకులకు కనబడండని ప్రభువు వారిని పంపారు. దారిలోనే వారి రోగం పోయింది. ఒక్కడు మాత్రం వెనుదిరిగి వచ్చి ప్రభువు పాదాలపై పడ్డాడు. అతడు సమరీయుడు, అంటే యూదుల దృష్టిలో పరాయివాడు.

ఆ దారి రెండు ప్రాంతాల సరిహద్దు దారి. మనదీ సరిహద్దు ప్రాంతమే. ఒక అడుగు ఇటు తెలుగు, ఒక అడుగు అటు కన్నడ. ఆసుపత్రి ఓ.పి. వరుసలో ఏ కులం, ఏ మతం అని చీటీ మీద రాయరు. నెలలు గడిచాక కొబ్బరికాయలో, నాలుగు పిడికిళ్ళ శెనక్కాయలో సంచిలో వేసుకుని పలకరించడానికి వచ్చేవారిలో క్రైస్తవులు కానివారు ఎంతోమంది. సువార్తలోని ఆ సమరీయుణ్ణి మేము ఇక్కడ మళ్ళీ మళ్ళీ చూస్తుంటాము.

మరి తక్కిన తొమ్మిదిమంది సంగతి? వారిని దుర్మార్గులని తిట్టడం న్యాయం కాదు. ప్రభువు ఏమి చెప్పారో వారు అదే చేశారు. ఆనాటి ధర్మశాస్త్రం ప్రకారం కుష్ఠరోగి నయమయ్యాడని యాజకుడు పరీక్షించి చెబితేనే ఊళ్ళోకి రానిచ్చేవారు. ఇప్పటి మాటల్లో అది డిశ్చార్జి చీటీ వంటిది. ఎన్నాళ్ళుగానో భార్యాపిల్లలకు దూరమైన మనిషికి ఆ చీటీ తీసుకుని ఇంటికి పరుగెత్తాలని ఉండదా? మన వార్డుల్లోనూ అంతే. డిశ్చార్జి అనగానే బస్సు వేళ గుర్తుకొస్తుంది, ఇంటి దగ్గర పాడి ఆవు, చేనిలో కలుపు, బడికి పోవాల్సిన పిల్లలు గుర్తుకొస్తారు. "ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటినాక బోడి మల్లయ్య" అని పెద్దలు ఊరికే అనలేదు. చాలాసార్లు అది చెడ్డతనం వల్ల జరగదు, తొందర వల్ల, మరుపు వల్ల జరుగుతుంది.

అందుకే కృతజ్ఞతకు అలవాటు కావాలి. నయం కావడం పదిమందికీ దక్కింది. నయం చేసినవాని ముఖం చూసి మాట్లాడే భాగ్యం వెనుదిరిగిన ఒక్కనికే దక్కింది. దేవునికి మన స్తుతి వల్ల పెరిగేదేమీ లేదు. ఎవరు ఇచ్చారో తెలుసుకుని బతకడం వల్ల మేలు మనకే.

పూజ అంటేనే కృతజ్ఞత

దివ్యసత్ప్రసాదానికి తిరుసభలో మొదటి నుంచి వాడుకలో ఉన్న పేరు యూకరిస్టు. అది గ్రీకు మాట. దాని అర్థం కృతజ్ఞత చెల్లించడం. అంటే ఆదివారం మనం గుడికి పోయేది ముఖ్యంగా ఇందుకే. మన కోరికల చీటీ చదివి వినిపించడం తప్పు కాదు, కాని పూజకు ప్రాణం కృతజ్ఞతే.

ప్రభువు ఆ రొట్టెను ఎప్పుడు చేతిలోకి తీసుకున్నారో ఆలోచించండి. అంతా బాగున్న రోజున కాదు. తనను పట్టి ఇచ్చేవాడు అదే పంక్తిలో కూర్చుని ఉన్నాడని తెలుసు, తెల్లవారితే సిలువ ఉందని తెలుసు. ఆ రాత్రే ఆయన రొట్టె తీసుకుని తండ్రికి కృతజ్ఞతలు చెప్పి విరిచారు. కష్టం తీరిన తరువాత చెప్పడమే కృతజ్ఞత అనుకుంటే ఆ రాత్రి పూజ జరిగేదే కాదు.

మొక్కు వేరు, కృతజ్ఞత వేరు

మన ప్రాంతంలో మొక్కుకోవడం పాత అలవాటు. "నా బిడ్డకు నయమైతే నడిచి వస్తాను, కొవ్వొత్తులు వెలిగిస్తాను, అన్నదానం చేస్తాను" అని మరియతల్లికి మొక్కుకుంటారు. భక్తితో మొక్కుకుని చెల్లించడం మంచిదే. కాని అది బేరంగా మారితే ప్రమాదం. అడిగినది రాకపోతే దేవునితో మాట మానేసే కుటుంబాలు ఉన్నాయి. కోరిక తీరగానే "నా బాకీ తీరింది" అని మళ్ళీ గుడి గడప తొక్కనివారూ ఉన్నారు.

అప్పు తీరిస్తే లెక్క మూతపడుతుంది. కృతజ్ఞత అలా మూతపడదు. తల్లి పాల రుణం తీర్చేశానని ఏ కొడుకైనా అనగలడా? దేవునితో మన బంధం కూడా అటువంటిదే. బోరులో నీళ్ళు పడినా, పడకపోయినా ఊపిరి ఆయన ఇచ్చినదే కదా.

బాధకు కూడా వందనాలు చెప్పాలా?

ఇది ఆసుపత్రి మంచాల దగ్గర మేము తరచు వినే ప్రశ్న. బిడ్డను పోగొట్టుకున్న తల్లి దగ్గరకు చుట్టాలు వచ్చి, "దేవుని చిత్తం అమ్మా, ఏడవకూడదు, ఆయనకు కృతజ్ఞత చెప్పుకో" అంటారు. వారి ఉద్దేశం మంచిదే. కాని ఆ మాట ఆ తల్లి గుండెలో ముల్లులాగా దిగుతుంది.

పౌలుగారు తెస్సలోనీకయులకు రాసిన మొదటి లేఖ 5వ అధ్యాయంలో అన్ని పరిస్థితులలోనూ కృతజ్ఞత కలిగి ఉండమన్నారు. క్యాన్సర్‌కు, ప్రమాదానికి, బిడ్డ మరణానికి వందనాలు చెప్పమని దానికి అర్థం చెప్పకూడదు. ఆ పరిస్థితి నడుమ కూడా దేవుడు చేయి వదలలేదని గుర్తుంచుకోమని మేము దానిని అర్థం చేసుకుంటాము. యోహాను సువార్త 11వ అధ్యాయం తెరిచి చూడండి. లాజరు సమాధి దగ్గరకు పోయే ముందు ప్రభువు కన్నీరు కార్చారు. ఆ తరువాతనే కన్నులు పైకెత్తి తండ్రికి కృతజ్ఞత చెప్పారు. ముందు కన్నీరు, తరువాత కృతజ్ఞత. ఆ వరుసను మనం తారుమారు చేయవద్దు.

కాబట్టి దుఃఖంలో ఉన్న ఇంటికి పోయినప్పుడు ఉపదేశం చేయకండి. పక్కన కూర్చోండి. ఇంత సంగటి, ఇంత పప్పు వండి తీసుకుపోండి. పశువులకు నీళ్ళు పెట్టండి. ఏడాది తరువాత ఆ తల్లే "ఆ రోజుల్లో మీరంతా లేకుంటే నేను బతికేదాన్ని కాదు" అంటుంది. ఆమె నోట కృతజ్ఞత దానంతట అదే వచ్చిన గడియ అది. ఒకవేళ నెలలు గడిచినా నిద్ర, తిండి లేక, బతుకు మీద ఆశ లేక ఉంటే అది విశ్వాసం తక్కువై కాదు. అది వైద్యం అవసరమైన బాధ. డాక్టరుకు చూపించండి. 2022లో మొదలైన టెలి మానస్ ఉచిత ఫోన్ నంబరు 14416కు తెలుగులోనూ మాట్లాడవచ్చు.

దేవుడు ఎవరి చేతులతో ఇచ్చాడు?

"అంతా దేవుడే చేశాడు" అని సాక్ష్యం చెప్పి, రాత్రంతా మేలుకుని సెలైన్ చూసిన నర్సమ్మ వైపు, గది కడిగిన ఆయమ్మ వైపు చూడకుండా పోతే ఆ సాక్ష్యం సగమే. దేవుడు ఎక్కువగా మనుషుల చేతులతోనే ఇస్తాడు.

మన తెలుగు నేలలోనే గొప్ప ఉదాహరణ ఉంది. మేరీ గ్లౌరీ 1887లో ఆస్ట్రేలియాలో పుట్టి, 1910లో మెల్‌బోర్న్‌లో డాక్టరు చదువు పూర్తి చేశారు. మంచి పేరున్న డాక్టరు. భారతదేశంలో వైద్యం అందక తల్లులు, పిల్లలు చనిపోతున్నారని ఒక చిన్న పుస్తకంలో చదివి, 1920లో గుంటూరుకు వచ్చి యేసు మరియ జోసెఫ్ సభలో మఠకన్య అయ్యారు. తిరుసభ అప్పట్లో మఠకన్యలకు వైద్యవృత్తిని అనుమతించేది కాదు. పోపుగారి ప్రత్యేక అనుమతితో ఆమె వైద్యం చేశారు. చిన్న మందుల గదిగా మొదలైన పని సెయింట్ జోసెఫ్ ఆసుపత్రిగా ఎదిగింది. ఇక్కడి ఆడపిల్లలకు నర్సు పని, మంత్రసాని పని, మందులు కలిపే పని నేర్పించారు. 1943లో కథోలిక ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించారు. దాని కేంద్రం నేడు సికిందరాబాదులో ఉంది. చివరికి తానే క్యాన్సర్ రోగియై 1957లో బెంగళూరులో కన్నుమూశారు. 2013లో ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించారు. దేవుడు తనకిచ్చిన చదువును సొంత ఆస్తిగా దాచుకోకుండా ఖర్చుపెట్టడమే ఆమె చెల్లించిన కృతజ్ఞత అని మేము అనుకుంటాము.

మన అనంతపురం వైపు చూస్తే విన్సెంట్ ఫెర్రర్‌గారి పేరు తెలియని ఇల్లు తక్కువ. స్పెయిన్‌లో పుట్టి 1952లో భారతదేశానికి వచ్చి, 1969లో అనంతపురం చేరుకున్నారు. మరుసటి సంవత్సరం యేసు సభను విడిచినా పేదల పనిని విడవలేదు. 2009 జూన్ 19న మరణించారు. ఆయన సమాధి బత్తలపల్లిలో ఉంది. ఆయన సంస్థ ద్వారా స్పెయిన్‌లోని కుటుంబాలు నెలనెలా కొంత డబ్బు పక్కనపెట్టి మన పల్లె పిల్లలకు పంపేవి. మన పిల్లలు వారికి ఉత్తరాలు రాసేవారు, బొమ్మలు గీసి పంపేవారు. ముఖం చూడని మనిషికి, "మీరు పంపినది అందింది, నేను బాగా చదువుతున్నాను" అని రాయడం నేర్చుకున్న పిల్లలు, చూడని దేవునికి కృతజ్ఞత చెప్పడం కూడా సులభంగానే నేర్చుకుంటారు.

మాత్రలు పూర్తిగా మింగడం కూడా కృతజ్ఞతే

ఆసుపత్రి పత్రికలో ఈ మాట తప్పక చెప్పాలి. టి.బి. రోగికి రెండు నెలలు మాత్రలు వాడగానే దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, ఒంటికి కండ పడుతుంది. "దేవుడు నయం చేశాడు, ఇంక మాత్రలెందుకు" అని ఆపేస్తారు. మామూలు టి.బి.కి వైద్యం కనీసం ఆరు నెలలు. నడుమ ఆపితే మిగిలిన క్రిములు మందుకు లొంగకుండా తయారవుతాయి. ఆ క్రిమి ఇంట్లో పసిపిల్లలకూ అంటుతుంది. ఈ మందులు ఉచితం. 2024 నవంబరు నుంచి పోషకాహారానికి నెలకు 1,000 రూపాయలు ప్రభుత్వం ఇస్తోంది. దేవుడు తిరిగి ఇచ్చిన ఆరోగ్యాన్ని ఆరు నెలలు కాపాడుకోలేకపోతే మన సాక్ష్యానికి విలువేముంది?

కుష్ఠువ్యాధి కూడా అంతే. ప్రభువు కాలంలో ఊరి బయట బతకాల్సి వచ్చిన ఆ జబ్బు నేడు ఆరు నెలలు లేదా పన్నెండు నెలల మాత్రలతో నయమవుతుంది. స్పర్శ లేని మచ్చ కనబడితే దాచుకోకండి. బి.పి., షుగరు మాత్రలు కూడా "ఇప్పుడు బాగుంది" అని సొంతంగా ఆపకండి. మాత్ర చేతిలోకి తీసుకున్నప్పుడు సిలువ గుర్తు వేసుకుని, దానిని కనిపెట్టినవారి కోసం, ఇచ్చినవారి కోసం ఒక్క మాట జపం చేయండి. మరచిపోకుండా ఉండటానికి అంతకంటే మంచి ఉపాయం లేదు.

రక్తం ఎక్కించుకుని బతికిన ఇంటివారు మరొక పని చేయవచ్చు. 18 నుంచి 65 ఏళ్ళ లోపు ఆరోగ్యవంతులు, 45 కిలోలకు తగ్గని బరువు, తగినంత రక్తపుష్టి ఉన్నవారు రక్తదానం చేయవచ్చు. మగవారు మూడు నెలలకు, ఆడవారు నాలుగు నెలలకు ఒకసారి ఇవ్వవచ్చు. మీకు ఎక్కిన రక్తం ఎవరిదో మీకు తెలియదు. కాబట్టి వారికి తిరిగి ఇవ్వలేరు. ముక్కూ మొహం తెలియని మరొకరికి ఇవ్వగలరు. కృతజ్ఞత ముందుకు నడిచే దారి ఇదే.

పేదవాని నోరు మూయించవద్దు

మరొక సంగతి. కృతజ్ఞత పేరు చెప్పి పేదవాని నోరు మూయించే అలవాటు సమాజంలో ఉంది. "ఉచితంగా చేస్తున్నారు, ఇంకేం అడుగుతావు?" అంటారు. ఇది కృతజ్ఞత కాదు, అణచివేత. 2005లో మొదలైన 108 వాహనం, 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఎవరి ఇంటి సొత్తూ కాదు, ప్రజల డబ్బుతో ప్రజలకు అందిన హక్కులు. ఆరోగ్యశ్రీ మొదటిసారి మొదలైన మూడు జిల్లాల్లో మన అనంతపురం ఒకటి. అర్ధరాత్రి వచ్చిన 108 డ్రైవరన్నకు రెండు మంచి మాటలు చెప్పండి. బండి ఆలస్యమైతే ఫిర్యాదు కూడా చేయండి. రెండూ ఒకే నోటితో చేయవచ్చు. కృతజ్ఞత వినయం నేర్పుతుంది. భయం నేర్పితే అది కృతజ్ఞత కాదు. రోగి చెప్పే వందనం సేవ చేసేవారికి రావలసిన జీతం కాదు, దేవుడు వారికి ఇచ్చే కానుక. దానిని అడిగి పుచ్చుకోకూడదు.

ఇంట్లో ఎలా పాటించాలి?

పెద్ద పనులేమీ అవసరం లేదు. లేవగానే పడక మీదనే సిలువ గుర్తు వేసుకుని "ఈ రోజు నీవు ఇచ్చినది ప్రభూ" అనండి. భోజనానికి ముందు, తరువాత చిన్న జపం చేయండి. ఆ జపంలో రాగులు పండించిన రైతును, గ్యాసు పొయ్యి దగ్గర చెమటోడ్చి సంగటి కెలికిన ఇల్లాలిని మరవకండి. దేవునికి వందనం చెప్పి, "ఉప్పు తక్కువైంది" అని భార్య మీద కేకలేసే మగవారు మనలో ఉన్నారు. ఆ జపం పైకప్పు దాటదు. "ఈ రోజు కూర బాగుంది" అనే ఒక్క మాట ఆ ఇంట్లో స్తుతి పాటకు తక్కువేమీ కాదు. వక్క తోటలో కూలి చేసి వచ్చిన కోడలికి అత్త ఇచ్చే చెంబెడు నీళ్ళు కూడా అటువంటివే.

రాత్రి పడుకునే ముందు పునీత ఇగ్నేషియస్ లొయోలా నేర్పిన ఆత్మశోధన చేయండి. ఆయన చెప్పిన వరుసలో మొదటి మెట్టు పాపాలు లెక్కపెట్టుకోవడం కాదు, పొందిన మేళ్ళకు దేవునికి కృతజ్ఞత చెప్పడం. ఆ తరువాతనే తప్పులు. పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని "ఈ రోజు నీకు మేలు చేసింది ఎవరు?" అని ఒక్కొక్కరిని అడగండి. పెన్సిల్ ఇచ్చిన స్నేహితుడు, బస్సులో చోటిచ్చిన అక్క, పాఠం మళ్ళీ చెప్పిన సారు, ఇలా పేర్లు వస్తాయి. ఆ పేర్లతోనే పరలోక జపం చెప్పండి.

దీనివల్ల ఆరోగ్యానికి కూడా కొంత మేలు ఉందని పరిశోధకులు చూశారు. రాబర్ట్ ఎమ్మన్స్, మైఖేల్ మెక్‌కలౌ అనే ఇద్దరు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన పరిశోధనలో కొందరు పది వారాల పాటు వారానికోసారి తమకు కలిగిన మేళ్ళు రాసుకున్నారు. చిరాకు పెట్టిన సంగతులు రాసుకున్నవారి కంటే వారు తమ బతుకు పట్ల ఎక్కువ సంతృప్తిగా ఉన్నారు, వ్యాయామమూ ఎక్కువ చేశారు. కండరాల, నరాల జబ్బులున్నవారు మూడు వారాలు రోజూ రాసినప్పుడు వారికి నిద్ర మెరుగుపడింది. ఇది మందుకు బదులు కాదు, మందుకు తోడు. అయినా మనం నిద్ర కోసం కృతజ్ఞత చెప్పము. ఇచ్చినవాడు ఉన్నాడు కాబట్టి చెబుతాము.

ఈ నేల వానను నమ్ముకున్న నేల. మబ్బు పట్టి కురవకుండా పోయిన సంవత్సరాలు మన పెద్దలు ఎన్నో చూశారు. అటువంటి ఏడాది కూడా, ఇంట్లో మిగిలిన శెనక్కాయల్లో ఒక దోసెడు గుడికి తెచ్చి పీఠం ముందు పెట్టినవారు వారు. పంట పండిందని తెచ్చినది కాదు ఆ దోసెడు. ఇచ్చేవాడు ఇంకా ఉన్నాడని తెచ్చినది. ఆ విశ్వాసం మన పిల్లలకు ఆస్తిగా ఇవ్వగలిగితే అంతకు మించిన ఆస్తి లేదు.

ఈ వారం మీకు మేలు చేసిన ఒక్క మనిషిని గుర్తు తెచ్చుకోండి. వెనుదిరిగి వారి దగ్గరకు వెళ్ళి ఒక మాట చెప్పి రండి. వచ్చే ఆదివారం పూజలో వారి పేరు ప్రభువు ముందు పెట్టండి.

మంచాల మీద ఉన్న మీ అందరినీ, మీ కోసం కనిపెట్టుకుని ఉన్న మీ ఇంటివారినీ ప్రభువు దీవించి, ఆరోగ్యము, మనశ్శాంతి దయచేయునుగాక!